ఆరు మైక్రోలీటర్ల బాధ్యత

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల నుంచి వచ్చి డీఎంఎల్‌టీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడు అన్నీ మెషిన్లే చేస్తున్నయి గదా సార్, ఇంక మా పనేంది?" ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే. ఆ భయం అర్థంలేనిదని నేననను. యంత్రం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పనిచేస్తుందో, మనిషి చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఎవరూ వాళ్ళకు విడమర్చి చెప్పలేదు, అంతే.

టీబీ పరీక్షనే తీసుకుందాం. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి ల్యాబ్‌లో చేరిన ఎవరికైనా ఈ పరీక్ష తప్పదు. 1882లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనిపెట్టాక నూరేళ్ళకు పైగా పద్ధతి ఒకటే: తెమడను గాజు స్లైడ్ మీద పూయడం, రంగు వేయడం, మైక్రోస్కోప్ కింద వెతకడం. మిల్లీలీటరు తెమడలో ఐదు నుంచి పది వేల క్రిములుంటే తప్ప కంటికి దొరకవు. అలా వెతికే కన్ను తయారవడానికి ఏళ్ళు పట్టేది. అప్పట్లో టెక్నీషియన్ విలువంతా ఆ కన్నులోనే ఉండేది.

ఇప్పుడు ఆ చోట ట్రూనాట్ వచ్చింది. గోవాలోని మోల్‌బయో డయాగ్నొస్టిక్స్, బెంగళూరులోని బిగ్‌టెక్ ల్యాబ్స్ కలిసి రూపొందించిన పరికరమిది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీ నిర్ధారణకు దీన్ని సిఫారసు చేసింది. అదే ఏడాది కొవిడ్ వచ్చినప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతితో ఆంధ్రప్రదేశ్ తన జిల్లాల్లోని ట్రూనాట్ యంత్రాలను కొవిడ్ పరీక్షలకు మళ్ళించింది. పెద్ద నగరానికి నమూనా పంపి రోజుల తరబడి ఎదురుచూడాల్సిన పని అలా చాలా ఊళ్ళలో తప్పింది.

దీని గుండెకాయ వేళ్ళ మధ్య పట్టుకునేంత చిన్న చిప్. దాని మీద తెల్లటి చిన్న గుంట ఉంటుంది. రసాయన చర్య మొత్తం ఆ గుంటలోనే జరుగుతుంది. తెమడ నుంచి డీఎన్‌ఏను వేరుచేసే పని ట్రూప్రెప్ అనే మరో పెట్టె 20 నిమిషాల్లో చేసిపెడుతుంది. ఆ డీఎన్‌ఏలోంచి ఆరు మైక్రోలీటర్లు తీసుకుని, ఎండబెట్టిన రసాయనాలున్న బుల్లి ట్యూబ్‌లో వేసి, అవి కరిగాక మళ్ళీ ఆరు మైక్రోలీటర్లు చిప్ మీద వేస్తాం. చిప్‌లోనే హీటరు, ఉష్ణోగ్రత చూసే సెన్సరు ఉంటాయి. ద్రవం అంత కొద్దిగా ఉండటం వల్లే వేడెక్కడం, చల్లారడం క్షణాల్లో అయిపోతుంది. అలా వేడెక్కి చల్లారే ప్రతి చుట్టులో డీఎన్‌ఏ ముక్క రెట్టింపవుతుంది. ముక్కలు పెరిగేకొద్దీ వెలిగే రంగును యంత్రం చదువుతుంది. 35 నుంచి 40 నిమిషాల్లో ఫలితం వస్తుంది. టీబీ ఉందని తేలితే అదే డీఎన్‌ఏతో ఇంకో చిప్ మీద రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందో లేదో చూస్తారు. అందుకే మిగిలిన డీఎన్‌ఏ ట్యూబ్‌ను మొదటి ఫలితం రాకముందే పారేయకండి. కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఆరు మైక్రోలీటర్లు ఎంతో ఊహకు రావాలంటే, కంట్లో వేసుకునే మందు చుక్క దాదాపు 50 మైక్రోలీటర్లుంటుంది. అందులో ఎనిమిదో వంతు మన చేతిలో ఉన్నది. చిప్ యంత్రంలోకి వెళ్ళాక మీరు చేయగలిగింది ఏమీ లేదు. వెళ్ళకముందు జరిగిన తప్పును ఏ యంత్రమూ దిద్దలేదు. పాత టెక్నీషియన్ విలువ కంటిలో ఉంటే మీ విలువ ఆ ముందు అరగంటలో ఉంది. మీ పనేంటని అడిగారు కదా, అదే మీ పని.

ఈ యంత్రంతోనే మన చదువు ఆగిపోదు. చిప్ ఉపరితలం మీదే చర్య జరిపించే పరికరాల కుటుంబం పెద్దది. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో ప్యాట్రిక్ బ్రౌన్ బృందం గాజు పలక మీద డీఎన్‌ఏ చుక్కలు వరుసగా అద్ది, ఒకేసారి అనేక జన్యువుల పనితీరు చూసే మైక్రోఅర్రేలను లోకానికి పరిచయం చేసింది. అఫిమెట్రిక్స్ చిప్‌లకు ప్రత్యేకమైన ఓవెన్ ఉంటుంది. అందులో 45 డిగ్రీల దగ్గర 16 గంటలపాటు చిప్‌ను తిప్పుతూ ఉంచితే, నమూనాలోని పోగులు చిప్ మీద తమకు జతైన పోగులను వెతుక్కుని అతుక్కుంటాయి. ఇల్యూమినా సీక్వెన్సింగ్ యంత్రాల్లో కూడా డీఎన్‌ఏ నకళ్ళు తయారయ్యేది గాజు పలక ఉపరితలం మీదే. పరికరం మారినా చేతికి కావలసిన క్రమశిక్షణ మారదు. ఒకచోట నేర్చుకుంటే అన్నిచోట్లా పనికొస్తుంది.

ఇక చేతి సంగతి.

చిన్న చుక్కకు మొదటి శత్రువు గాలి. వాకిట్లో చల్లిన కల్లాపి చూస్తుండగానే ఆరిపోతుంది, అవే నీళ్ళు బిందెలో ఉంటే రోజంతా ఉంటాయి. చిప్ మీది చుక్కదీ అదే స్థితి. దాని పరిమాణం తక్కువ, గాలికి తగిలే వైశాల్యం ఎక్కువ. అందుకే చుక్క వేశాక యంత్రం ట్రే మూసేదాకా మధ్యలో ఇంకో పని పెట్టుకోకండి. ఫోన్ మోగినా, ఎవరు పిలిచినా సరే. ఫ్యాన్ కింద ఎప్పుడూ చిప్ తెరవకండి. మే నెలలో ఫ్యాన్ ఆపమంటే తోటివాళ్ళు విసుక్కుంటారు. ఆ రెండు నిమిషాలు ఆపమని మర్యాదగా, గట్టిగా అడగండి.

రెండో శత్రువు బుడగ. పిపెట్ బొత్తాన్ని రెండో మెట్టు దాకా నొక్కితే చివరన గాలి వచ్చి బుడగ కడుతుంది. వేడెక్కగానే ఆ బుడగ ఉబ్బి ద్రవాన్ని పక్కకు తోస్తుంది. అప్పుడు వేడి సమంగా అందదు, వెలుతురును యంత్రం సరిగ్గా చదవలేదు. చిప్ మీద వేసేటప్పుడు మొదటి మెట్టు దగ్గరే ఆగండి. బొత్తాన్ని వదిలేటప్పుడు నెమ్మదిగా వదలండి. పిపెట్ నిటారుగా పట్టుకోండి, టిప్ ద్రవంలో రెండు మూడు మిల్లీమీటర్లు మునిగితే చాలు. పైకి తీశాక టిప్‌ను వెలుతురుకు పెట్టి ఒకసారి చూడండి. ట్రూనాట్‌తో ఇచ్చే పిపెట్ ఆరు మైక్రోలీటర్లకే స్థిరపరిచినది, అంకె తిప్పే పని లేదు. అయినా చెయ్యి తొందరపడితే ఆరు రాదు. తెల్లటి గుంటను వేలితో గానీ టిప్‌తో గానీ తాకకూడదు.

బుల్లి ట్యూబ్ దగ్గర ఇంకో నియమం ఉంది. డీఎన్‌ఏ వేశాక 30 నుంచి 60 సెకన్లు దాన్ని ఊరికే ఉంచాలి. వేలితో కొట్టకూడదు, ఊపకూడదు, పిపెట్‌తో పైకీ కిందికీ లాగకూడదు. ద్రవం దానంతట అదే తేటపడుతుంది. ఏదో ఒకటి చేస్తూ ఉండటమే శ్రద్ధ అనుకునే మనకు ఇది కష్టమైన నియమం. గోడ గడియారం చూస్తూ చేతులు కట్టుకుని నిలబడటం కూడా పనిలో భాగమేనని ఒప్పుకున్నవాళ్ళే ఇందులో రాణిస్తారు.

మూడోది కల్తీ. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. డీఎన్‌ఏ ఒక్క ముక్క 30 చుట్లలో దాదాపు 107 కోట్ల ముక్కలవుతుంది. పరీక్ష పూర్తయిన చిప్ అంటే అన్ని కోట్ల నకళ్ళు ఉన్న చోటు. దాన్ని పట్టుకున్న గ్లౌజుతోనే కొత్త చిప్ తీస్తే, లేని జబ్బు ఇంకొకరి రిపోర్టులో ఉన్నట్టు వస్తుంది. ఒక మనిషి నెలల తరబడి అక్కర్లేని మందులు మింగుతాడు, ఇంట్లో పళ్ళెం వేరవుతుంది, పెళ్ళి సంబంధం ఆగిపోతుంది. కాబట్టి పని ఎప్పుడూ శుభ్రమైన వైపు నుంచి అశుభ్రమైన వైపుకే సాగాలి, వెనక్కి రాకూడదు. వాడిన చిప్, ట్యూబ్, టిప్ అన్నీ 0.5 శాతం హైపోక్లోరైట్ ద్రావణంలో 30 నిమిషాలు మునిగి ఉండాలి. ఆ ద్రావణం నిలవ ఉంటే బలం పోతుంది, ఏ రోజుది ఆ రోజే కలపండి. గ్లౌజులు మార్చడానికి లెక్క చూసుకోకండి.

శుభ్రత మీద ఇంత పట్టు ఎందుకంటే, 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వారిలో నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామందిని హైదరాబాద్ తరలించి ఇన్ఫెక్షన్‌కు వైద్యం చేయించాల్సి వచ్చింది. మీరు ఈ ప్రాంతంలో ఆరోగ్య రంగంలో అడుగుపెడుతుంటే ఆ సంగతి తెలుసుకునే అడుగుపెట్టండి. ఎవరినో వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు. ఇక్కడి ఇళ్ళల్లో ఆసుపత్రి అంటే మిగిలిపోయిన భయం నిజమైనది. శుభ్రత గురించి మీరు పడే చాదస్తమే ఆ భయానికి మీరివ్వగల జవాబు.

చిప్ దాకా వెళ్ళకముందే తప్పు జరిగే చోటు మరొకటుంది. అది నమూనా. మనిషి తెమడకు బదులు ఉమ్మి ఇస్తే అందులో టీబీ క్రిమి ఉండకపోవచ్చు. ఎంత గొప్ప యంత్రమైనా అక్కడ లేనిదాన్ని చూపలేదు. ఇక్కడ కావలసింది మాట నేర్పు. డబ్బా చేతికిచ్చి "తెమడ తెండి" అంటే సగం మంది ఉమ్మే తెస్తారు. పక్కన నిలబడి చెప్పాలి: "తాతా, ముందుగాల నీళ్ళతోని నోరు పుక్కిలించు. గట్టిగ ఊపిరి పీల్చి కొద్దిగ ఆపు. మల్ల రొమ్ములకెల్లి దగ్గు. నోట్ల ఉమ్మి గాదు, లోపలికెల్లి వచ్చేది గావాలె." ఇలా చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెప్పాక ఆయనను ఆరుబయటకు, గాలి ఆడే చోటికి పంపండి, జనం మధ్య దగ్గనివ్వకండి. పేరు, నంబరు డబ్బా ఒంటి మీద రాయండి. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు మనుషులూ మారిపోతారు.

ఆయన మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చి, "ఏమన్న వచ్చిందా బిడ్డా?" అని అడుగుతాడు. స్క్రీన్ మీద గీత పైకి లేస్తూ మీకు కనబడుతూనే ఉంటుంది. మీ ముఖం చెప్పేస్తుందేమోనని జాగ్రత్తపడండి. "డాక్టరమ్మ చెప్తది తాతా, నీడకు కూసో, నేనే పిలుస్త" అంటే చాలు. అబద్ధం లేదు, నిర్లక్ష్యమూ లేదు. ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చేదాకా సాధన చేయమని నేను మా పిల్లలకు చెబుతుంటాను.

యంత్రం కొన్నిసార్లు చూపే ఇన్వాలిడ్ అనే ఫలితం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చిప్ మీది చర్య సరిగ్గా సాగిందో లేదో యంత్రం తనను తాను పరీక్షించుకుంటుంది. అందుకోసం లోపలే ఒక కంట్రోల్ ఉంటుంది. క్రిమి కనబడక, ఆ కంట్రోల్ కూడా పలకకపోతే స్క్రీన్ మీద ఇన్వాలిడ్ అని వస్తుంది. దాని అర్థం జబ్బు లేదని కాదు. ఈ పరీక్ష ఏమీ చెప్పలేకపోయిందని. బయట వరుస ఉంటుంది, చిప్‌లు తక్కువ ఉంటాయి, పైనుంచి ఇన్ని పరీక్షలు కావాలన్న ఒత్తిడి ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని నెగెటివ్ గడిలో రాసేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఎన్నటికీ రాయకండి. నెగెటివ్ అని చీటీ పట్టుకుని వెళ్ళిన మనిషి ఇంట్లో మనవరాలిని పక్కలో వేసుకుని పడుకుంటాడు. మళ్ళీ చేయాలి. మళ్ళీ అలాగే వస్తే కొత్త నమూనా అడగాలి. రిజిస్టర్‌లో ఉన్నదున్నట్టు రాయాలి. ఇన్వాలిడ్‌లు వరుసగా కనబడితే తప్పు ఎక్కడుందో ఆ రిజిస్టరే చూపిస్తుంది: కిట్ పాతదా, పిపెట్ పాడైందా, గది వేడా, చెయ్యి తొందరపడుతోందా. దాచినవాడికి ఆ దారి మూసుకుపోతుంది. ఈ ఉద్యోగంలో వ్యక్తిత్వం అనేది ఎక్కడైనా పరీక్షకు నిలబడుతుందంటే ఇదిగో, ఈ గడిలోనే.

గది వేడి అన్నాను కదా. ట్రూనాట్ కిట్‌లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ తప్పనిసరి కాకపోవడం దాని గొప్పతనమే. అయితే ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు మీద ఏప్రిల్ మధ్యాహ్నం బయట 40 దాటుతుంది, రేకుల కప్పు కింద గది 30 దగ్గర ఆగదు. పెట్టెలు ఎక్కడ ఉన్నాయో అక్కడ ఒక థర్మామీటరు వేలాడదీసి, పొద్దున, మధ్యాహ్నం అంకె రాయండి. చిన్న పనే, చేసేవాళ్ళు తక్కువ. చిప్ ఉన్న పౌచ్‌ను వాడే నిమిషం వరకూ చింపకండి. తేమ తగిలిందనిపించిన దాన్ని వాడకండి.

ల్యాబ్ ఉద్యోగం ఇంకా రాలేదా, యంత్రం దొరకలేదా? చేతిని తయారుచేయడానికి యంత్రం అక్కర్లేదు. శేరిగూడ, ఖానాపూర్ వైపున్న కళాశాలల్లో గానీ, ఏ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో గానీ 10 మైక్రోలీటర్ల పిపెట్ ఒకటి ఉండే అవకాశముంది. దాన్ని ఆరు దగ్గర పెట్టి, రంగు నీళ్ళతో పలచని ప్లాస్టిక్ షీట్ మీద పది చుక్కలు వరుసగా వేయండి. కళ్ళు షీట్ ఎత్తుకు దించి పక్క నుంచి చూడండి. చుక్కలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఎక్కడైనా బుడగ ఉందా? తర్వాత అవే పది చుక్కలు ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టిన చిన్న మూతలో వేయండి. ఆరు మైక్రోలీటర్ల నీళ్ళు ఆరు మిల్లీగ్రాములు తూగుతాయి కాబట్టి పదీ కలిపి 60 మిల్లీగ్రాములు రావాలి. త్వరగా తూచండి, ఆరిపోతాయి. వచ్చిన అంకెను తేదీతో పుస్తకంలో రాయండి. రోజూ రాయండి. మొదట్లో 50లూ 70లూ వస్తాయి. 60 చుట్టూ తిరగడం మొదలైనప్పుడు మీకే తెలుస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు సర్టిఫికెట్లతో పాటు ఆ పుస్తకమూ పట్టుకెళ్ళండి. ల్యాబ్ నడిపిన అనుభవమున్న ఎవరైనా ముందు దాన్నే తిరగేస్తారు.

కిట్‌తో వచ్చే సూచనల కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి, పక్కవాళ్ళు చేసేది చూసి చేసేస్తుంటారు. అలా ఒకరి పొరపాటు పదిమందికి పాకుతుంది. కాగితాన్ని కూర్చుని చదివి, ప్రతి మెట్టునూ మీ తెలుగులో మీరే రాసి, ఇన్‌చార్జికి చూపించి సరిచేయించుకుని బెంచి ఎదురుగా గోడకు అంటించండి. రాసేటప్పుడే "ఈ మెట్టు ఎందుకు?" అని అడుగుతూ పోండి. ఆ ప్రశ్న ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి దగ్గరి ఉదాహరణే ఉంది. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కొవిడ్ పరీక్షలో ప్రతి మెట్టునూ ఇలాగే ప్రశ్నించారు. స్వాబ్‌ను ద్రవంలో వేసి పంపడం అవసరమా? ఆర్‌ఎన్‌ఏను విడిగా శుద్ధి చేయడం అవసరమా? పొడి స్వాబ్‌నే పంపి, ల్యాబ్‌లో మామూలు బఫర్‌లో నానబెట్టి వేడిచేస్తే సరిపోతుందని చూపించారు. అదే ఏడాది నవంబరులో ఐసీఎంఆర్ ఆ పద్ధతిని ఆమోదించింది. ఒక్క మాట జాగ్రత్త. ప్రశ్నించడం వేరు, మనంతట మనం మెట్టు దాటేయడం వేరు. వాళ్ళు పాత పద్ధతితో పోల్చి నిరూపించాకే మార్చారు.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పేటప్పుడు మనం మందుల సంగతే ఎక్కువగా చెబుతాం. ఆయన పేరు శాస్త్రలోకంలో మొదట నిలిచింది ఒక కొలత వల్ల. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోని ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. దాన్ని దశాబ్దాలపాటు ఎన్నో దేశాల ల్యాబ్‌లలో మామూలు టెక్నీషియన్లు వాడారు. ఎవరి చెయ్యి చేసినా అదే అంకె రావడమే ఒక పద్ధతికి దక్కే పెద్ద గౌరవం. మీ చేతికి కూడా ఆ గౌరవమే గురిగా పెట్టుకోండి.

ఇబ్రహీంపట్నం నుంచి అవుటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ఉంది, చిప్‌ల మీద పరిశోధన చేసే బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. అక్కడికే వెళ్ళాలని లేదు. మన మండలాల్లోని దగ్గుతున్న మనిషికి దగ్గర్లో ఉన్నది ఆ క్యాంపస్ కాదు, ఇక్కడి ల్యాబ్. అందులో నమ్మదగిన చెయ్యి ఒకటి ఉండటం తక్కువ విషయమేమీ కాదు.

మీరిప్పటికే ఉద్యోగంలో ఉంటే రేపు పొద్దున ఒక పని చేయండి. రిజిస్టర్ తీసి ఇన్వాలిడ్ రాయడానికి విడిగా గడి ఉందో లేదో చూడండి. లేకపోతే స్కేలు పెట్టి గీత గీయండి, ఇన్‌చార్జి సంతకం తీసుకోండి, ఆ రోజు నుంచే నింపడం మొదలుపెట్టండి.